ఇద్దరు పోలీసుల మధ్య ఒక స్టూలు

గురువారం సాయంత్రం ఏడున్నరకు నేరపరిశోధన సీరియల్ పూర్తయి, తెర మీద పేర్లు కిందినుంచి పైకి పాకడం మొదలవగానే, ఆ ఇంట్లో అత్తగారు కళ్ళజోడు ముక్కు మీదికి లాక్కుని కుర్చీతో సహా టీవీ దగ్గరికి జరుగుతుంది. హంతకుడు దొరికే ఘట్టాన్ని కూడా ఆవిడ అంత శ్రద్ధగా చూడదు. వేలు పెట్టి ఒక్కో పేరే చదువుకుంటూ వెళ్ళి, 'కంటిన్యుటీ' అన్న మాట దగ్గర ఆగుతుంది. దాని పక్కన ఎప్పుడూ ఉండే పేరే ఉంటుంది. అది నిర్మాతగారి బావమరిది పేరు.

"ఇవాళా లేదు," అని తీర్పు చెబుతుంది. "అమ్మాయ్, రోజూ పొద్దున్నే క్యారేజీ పట్టుకుని నువ్వు ఎక్కడికి వెళ్తున్నావో ఇప్పటికైనా నిజం చెప్పేయ్. నేనేమీ అనను."

"ఆ సీరియల్‌కే అత్తయ్యా."

"మరి పేరేదీ?"

"వేస్తారులెండి."

ఉతికిన బట్టలు మడతపెడుతూ కోడలు ఆ మాట మూడేళ్ళుగా చెబుతోంది.

ఈ మూడేళ్ళలో ఆ బావమరిది సెట్టుకు రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూర్చుని ఫొటో దిగడానికి. రెండోసారి ఆ ఫొటో సరిగ్గా రాలేదని. ఆ రెండు రాకల పుణ్యాన నూట నలభై వారాల పాటు అతని పేరు లక్షల ఇళ్ళలో వెలిగింది. పని చేసిన మనిషి మాత్రం తన ఇంట్లోనే, తన అత్తగారి ముందు, బడి ఎగ్గొట్టిన పిల్లలా నిలబడింది. దీన్ని అన్యాయం అనాలి. ఆమె ఆ మాట అనలేదు. దుప్పటికి నాలుగో మడత కూడా అంచులు కలిపి వేసి, బీరువాలో పెట్టి తలుపు మూసింది.

సెట్టులో అందరూ ఆమెను కంటిన్యుటీ అక్క అంటారు. చివరికి అక్క అన్నదే మిగిలింది. ఆమె పనేమిటో ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఎవరూ గుర్తుపెట్టుకోనివి గుర్తుపెట్టుకోవడం. సీరియల్లో ఒకే గదిలో ఐదు నిమిషాలు జరిగే సంభాషణను సోమవారం కొంత, బుధవారం కొంత, పై వారం మిగతాది తీస్తారు. సోమవారం ఇన్‌స్పెక్టరు ఎడమ చేత్తో పట్టుకున్న టీ కప్పు పై వారం కూడా ఎడమ చేతిలోనే ఉండాలి. గోడ గడియారం పది గంటల దగ్గర నిలబడితే పది దగ్గరే నిలబడాలి. అనుమానితుడి చొక్కాకు మూడో గుండీ ఊడి ఉంటే, పాపం, ఆ కేసు తేలేదాకా అతనికి గుండీ కుట్టే దిక్కుండకూడదు. ఇవన్నీ అక్క ఒక లావుపాటి నోటుపుస్తకంలో రాసుకుంటుంది. రాసుకోవడం నిజానికి మర్యాద కోసమే. అన్నీ ఆమె కళ్ళలోనే ఉంటాయి.

ఒకసారి శవం వేషం వేసిన కుర్రనటుడి వేలికి సోమవారం లేని ఉంగరం బుధవారం మెరిసింది. నలుగురు సహాయ దర్శకులూ ఆ శవం చుట్టూ నాలుగుసార్లు తిరిగారు, ఒక్కరికీ కనపడలేదు. అక్క దూరం నుంచే, "బాబూ, ఆ ఉంగరం తియ్యి," అంది.

"నిన్న నిశ్చితార్థం అయింది అక్కా," అన్నాడు శవం, కళ్ళు మూసుకునే.

"సంతోషం నాయనా. కానీ నువ్వు చచ్చిపోయి మూడు రోజులైంది. ఆ తర్వాత సంబంధం కుదిరిందంటే అమ్మాయి తరఫువాళ్ళు ఏమనుకుంటారు?"

సెట్టంతా నవ్వింది. శవం కూడా నవ్వడంతో ఆ టేకు పోయింది.

ఇంతవరకూ ఆమె ఉద్యోగం. అక్కడితో ఆగితే కథే లేదు. జీతం ఇచ్చే పని ఒకటైతే, నెత్తిన పడ్డ పని ఇంకొకటి. దానికి ఉద్యోగాల పట్టికలో పేరే లేదు.

ఆ సీరియల్‌కు ప్రాణం ఇద్దరు పోలీసులు. ఒకడు ఇన్‌స్పెక్టరు, పొట్టిగా, గుండ్రంగా, అనుభవం మీసాల్లో కనిపించే మనిషి. రెండోవాడు ఎస్సై, తాడిలా పొడవు, కోపం ఎక్కువ, మనసు వెన్న. ఒకడు ఆలోచిస్తాడు, ఇంకొకడు పరిగెడతాడు. ఒకడు సగం వాక్యం మొదలుపెడితే రెండోవాడు పూర్తిచేస్తాడు. కలిసి పనిచేయడమంటే వీళ్ళని చూసి నేర్చుకోవాలని ఇళ్ళలో అన్నదమ్ములను తిట్టేవాళ్ళు. ఆ చూపుల్లో ఆప్యాయత, ఒకరి మీద ఒకరికి ఆ నమ్మకం చూసి ప్రేక్షకులు కరిగిపోయేవారు. ఆ కరుగుదల చూసి ఒక పత్రికవాళ్ళు పెద్ద సభ పెట్టి 'ఉత్తమ జట్టు' అని బహుమతి కూడా ఇచ్చారు.

కొంప ముంచింది ఆ బహుమతే. జట్టుకు ఇచ్చిన కప్పు ఒక్కటే. దాన్ని ఎవరి ఇంటికి తీసుకెళ్ళాలి?

"పెద్దవాణ్ణి, నా షోకేసులో ఉంటుంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"పరిగెత్తేది నేను. కప్పులు పరిగెత్తినవాళ్ళకే ఇస్తారు," అన్నాడు ఎస్సై.

చెరో ఆరు నెలలు పెట్టుకుందామన్నారు. మొదటి ఆరు నెలలు ఎవరివన్న దగ్గర మళ్ళీ మొదటికొచ్చింది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఉత్తమ జట్టు కప్పు ఏ ఇంటికీ పోక మేనేజరు గదిలో పెన్నుల స్టాండుగా స్థిరపడింది.

మాటల్లేకపోతే పోనీ, ఒకే చోట నిలబడటానికి కూడా ఒప్పుకోలేదు. "ఆయన సీను ఆయన చేసుకుంటాడు, నా సీను నేను చేసుకుంటాను," అన్నారు ఇద్దరూ, విడివిడిగా, ఒకే మాట. ప్రాణస్నేహితుల సీరియల్‌ని ప్రాణస్నేహితులు లేకుండా తీయాల్సిన గతి పట్టి దర్శకుడికి తలప్రాణం తోకకొచ్చింది. అప్పుడు ముసలి కెమెరామన్, అందరూ కెమెరా బాబాయ్ అనే ఆయన, ఉపాయం చెప్పాడు. ఇన్‌స్పెక్టరు మాట్లాడేటప్పుడు అతని మొహమే చూపిద్దాం. ఎదుటివాడి భుజం మాత్రం మూలన కనిపిస్తే చాలు. ఎస్సై వంతు వచ్చినప్పుడు అలాగే తిప్పి తీద్దాం.

భుజం సమస్య తేలిగ్గానే తీరింది. లైట్లు చూసుకునే మనిషికి మంచి భుజాలున్నాయి. అతనికి ఎస్సై చొక్కా తొడిగి వీపు తిప్పి నిలబెట్టారు. అతని పేరు సెట్టులో అందరూ మరిచిపోయి భుజం అని పిలవసాగారు. "నా మొహం ఎవడికీ తెలీదుగానీ నా భుజానికి అభిమానులున్నారక్కా," అని గర్వంగా చెప్పుకునేవాడు.

మరి డైలాగు ఎవరు అందించాలి? ఇన్‌స్పెక్టరు ఎవరి కళ్ళలోకి చూస్తూ "నిన్ను నమ్మానయ్యా" అనాలి? ఇద్దరి మాటలూ పొల్లుపోకుండా వచ్చిన మనిషి సెట్టులో ఒక్కతే. అలా అక్క స్టూలెక్కింది.

ఎస్సై వంతు వచ్చినప్పుడు, పొట్టి ఇన్‌స్పెక్టరు ఎత్తుకు సరిపోయేలా స్టూలు మీద కూర్చుని, ఇన్‌స్పెక్టరు మాటలు చెప్పేది. ఇన్‌స్పెక్టరు వంతు వస్తే, ఎస్సై ఎత్తు రావడానికి అదే స్టూలు మీద నిలబడి ఎస్సై మాటలు చెప్పేది. చేతిలో నోటుపుస్తకం, చెవిలో పెన్సిలు. ఉత్తిగా అప్పజెప్పడం ఆమెకు రాదు. ఇన్‌స్పెక్టరు అతిగా ఏడిస్తే కనుబొమ్మ కొంచెం పైకెత్తేది; ఆయన వెంటనే కన్నీళ్ళు సగానికి తగ్గించేవాడు. ఎస్సై మరీ అరిస్తే గొంతు తగ్గించి జవాబు చెప్పేది, వాడూ తగ్గేవాడు. ఏడాదిన్నర అలా గడిచింది. ఆ ఏడాదిన్నరలో జనం మురిసిపోయిన ఆప్యాయపు చూపులు ఒక పోలీసు మీద ఇంకొక పోలీసువి కావు. చెవిలో పెన్సిలు పెట్టుకున్న ఒక ఆడమనిషి మీద ఇద్దరివీ. కలిసి పనిచేయడం నిజంగానే జరిగింది. తెర మీద పేరున్నవాళ్ళు చేయలేదు, అంతే.

ఇంటికెళ్ళి ఇదంతా చెబితే అత్తగారు పక్కకు తిరిగి కొడుకుతో, "స్టూలెక్కి పోలీసులతో మాట్లాడుతుందటరా. డాక్టరుకి చూపించు," అంది.

అలా నడిచిపోతుండగా సీరియల్ ఆపేస్తున్నట్టు కబురొచ్చింది. ఇంకొక్క ఎపిసోడుతో సరి. తరువాత వేరే కంపెనీ, వేరే సీరియల్, కొత్త మనుషులు.

అక్క గుండె జారింది అప్పుడే. ఇక్కడ ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదుగానీ, కొత్త సెట్టులో అడుగు పెట్టాలంటే పనివాళ్ళ సంఘం కార్డు ఉండాలి. కార్డు లేనివాళ్ళను గేటు దగ్గరే ఆపుతారు. సంఘం కార్యదర్శి చెడ్డవాడు కాదు. అక్క పని అతనికి తెలుసు కూడా. కానీ నిబంధన నిబంధనే.

"తెర మీద నీ పేరు పడిన ఎపిసోడు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి చూపించమ్మా. ఆ నిమిషమే కార్డు నీ చేతిలో పెడతాను," అన్నాడు.

"నూట నలభై ఎపిసోడ్లు చేశాను సార్. ఎవర్ని అడిగినా చెబుతారు."

"నాకు తెలీదా? కానీ పేరేమో ఇంకొకాయనది. రికార్డు ప్రకారం నువ్వసలు అక్కడ లేవు."

నువ్వసలు అక్కడ లేవు. బస్సులో ఇంటికొచ్చేదాకా ఆ మాటే చెవిలో ఇల్లు కట్టుకుంది. మిగిలింది ఒక్క ఎపిసోడు. అందులో పేరు పడితే పని ఉంటుంది, లేకపోతే నోటుపుస్తకం అటక ఎక్కుతుంది. ఆమె ఆరు రోజులుగా మేనేజరు గది గుమ్మం దాకా వెళ్ళి, లోపల కప్పులో నిలబెట్టిన పెన్నులను చూసి, "ఏం లేదండీ, పెన్ను కోసం వచ్చాను," అని చెప్పి తిరిగొస్తోంది. ఇంట్లో ఆరు పెన్నులు చేరాయి.

ఆఖరి ఎపిసోడుకు ఛానెల్‌వాళ్ళు ఒక షరతు పెట్టారు. చివరి సన్నివేశంలో ఇద్దరు పోలీసులూ ఒకే ఫ్రేములో, మొహాలు కనిపించేలా, ఎదురెదురుగా నిలబడాలి. భుజాలు గిజాలు కుదరవు.

కథ ప్రకారం, ఎస్సై లంచం తిన్నాడని డిపార్టుమెంటంతా అనుమానిస్తుంది. ఇన్‌స్పెక్టరు ఒక్కడే నమ్ముతాడు. చివరికి ఆ ఎస్సై గోదాము తలుపులు బద్దలుకొట్టి ఇన్‌స్పెక్టరును కాపాడతాడు. అప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి రెండు మాటలు అనుకోవాలి. అంతే.

ఏడాదిన్నర తరువాత ఇద్దరూ ఒకే గదిలోకి వచ్చారు. చెరో తలుపు లోంచి.

"చెల్లెమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు అక్కతో, "కొంచెం ఎడమకి జరగమను ఆయన్ని."

ఎస్సై అడుగు దూరంలో ఉన్నాడు. "అక్కా, జరగనని చెప్పు," అన్నాడు.

"యాక్షన్!" అన్నాడు దర్శకుడు, ఇంకా ఆలస్యమైతే కొట్టుకుంటారని.

ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తి ఎస్సై భుజం మీద వేశాడు. వేసి ఉలిక్కిపడ్డాడు. "ఇదేమిటి, ఇంత బక్కగా ఉంది? మన భుజం కాదే ఇది!"

"కట్! సార్, అది అసలు భుజం."

రెండో టేకులో భుజానికి అలవాటుపడ్డాడు. గొంతు వణికిస్తూ, "నువ్వు లేకపోతే నేను సగమేనయ్యా," అన్నాడు. ఎస్సై కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీరు లేకపోతే ఆ సగం కూడా లేదు సార్," అన్నాడు. ఇద్దరూ జీవించేశారు. దర్శకుడు చప్పట్లు కొట్టబోయి, కెమెరా పక్కనున్న చిన్న తెర వైపు చూసి చేతులు గాల్లోనే ఆపేశాడు.

ఇద్దరూ ఎదురెదురుగానే నిలబడ్డారు. కానీ ఒకరినొకరు చూసుకోలేదు. ఒకడు మెడ ఎడమకి తిప్పాడు, ఇంకొకడు కుడికి తిప్పాడు. నాలుగు తడి కళ్ళూ కలిసి, ఫ్రేము బయట, స్టూలు మీద కూర్చుని నోటుపుస్తకంలో రాసుకుంటున్న అక్క మీద వాలాయి.

"ఇద్దరూ బస్సు కోసం చూస్తున్నట్టున్నారు," అన్నాడు కెమెరా బాబాయ్.

"ఎక్కడ చూస్తున్నారు సార్?" దర్శకుడు గోలపెట్టాడు.

"ఎస్సైనే చూస్తున్నాను."

"ఎస్సై మీ ముందున్నాడు!"

"అలవాటయ్యా. నాకు ఎస్సై అంటే అక్కడుంటాడు," అన్నాడు ఇన్‌స్పెక్టరు స్టూలు చూపించి.

అక్కను తలుపు వెనక్కి పంపారు. ఇద్దరూ ఖాళీ స్టూలును చూసి కన్నీళ్ళు పెట్టుకున్నారు. స్టూలు తీయించారు. ఇద్దరూ డైలాగు మరిచిపోయారు. ఏడో టేకులో ఎస్సైకి మాట రాలేదు.

"ఏమైంది?"

"ఆయన నోట్లోంచి ఆ డైలాగు వస్తుంటే కొత్తగా ఉంది సార్. అక్క చెబితే అర్థమయ్యేది."

"ఆ మొహం చూస్తుంటే నాకు కప్పు గుర్తొస్తోంది," అన్నాడు ఇన్‌స్పెక్టరు, గోడతో.

పదకొండో టేకు తరువాత దర్శకుడు నేల మీద చతికిలబడ్డాడు. సెట్టు సాయంత్రానికి ఖాళీ చేయాలి. రేపు ఆ గది వేరేవాళ్ళకు ఆసుపత్రి అవుతుంది. ఉన్నట్టుండి అతని మొహం వెలిగింది. "అక్కకి కానిస్టేబులు డ్రెస్సు వెయ్యండి! ఇద్దరి మధ్యలో నిలబెడదాం. అక్కని చూసి డైలాగు చెప్పినా, ఒకరి మొహం ఒకరు చూడలేనంత పొంగిపోయారని జనమే అనుకుంటారు."

అద్భుతమన్నారు అందరూ. బట్టలు చూసే ఆమె అప్పుడే యూనిఫాం తెచ్చి అక్క భుజాలకు ఆనించి కొలత చూస్తోంది. అక్క దాన్ని తీసుకుంది. మడతపెట్టింది. అంచులు కలిపి నాలుగో మడత కూడా వేసింది. వేసి, దర్శకుడి చేతిలో పెట్టింది.

"పేరు వెయ్యండి సార్," అంది.

ఆ గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. ఇద్దరి డైలాగులూ కంఠతా వచ్చిన మనిషికి తన సొంత మాట ఒకటి ఉంటే ఎలా చెప్పాలో తెలియలేదు. "టైటిల్స్‌లో. కంటిన్యుటీ పక్కన. నా పేరు, ఇంటిపేరుతో సహా."

మేనేజరు పరుగున వచ్చాడు. "ఇప్పుడా అక్కా? టైం చూశావా?"

"ఎప్పుడు మేనేజరు గారూ? రేపు సీరియలే లేదు."

"సరే, సరే. కానిస్టేబులు వేషానికి నీ పేరు వేస్తాం. నటి అని! ఇంకా గొప్పేగా?"

అది తియ్యగానే ఉంది. అత్తగారు చూస్తే మురిసిపోతుంది కూడా. అక్క ఒక్క క్షణం ఊగిసలాడింది. "నేను నటిని కాదండీ," అంది చివరికి. "ఒక్క పూట నిలబడినందుకు వేసే పేరు నాకొద్దు. మూడేళ్ళు చేసిన పనికి వెయ్యండి. కార్డిచ్చేది ఆ పనికే."

మేనేజరు గొంతు తగ్గించాడు. "అక్కడ బావమరిది గారి పేరుంది కదా. ఆయన బాధపడతారు."

"ఎవరాయన?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. పక్కకు తిరిగి, "ఆయన్ని నువ్వెప్పుడైనా చూశావుటయ్యా?" అని అడిగాడు.

"లేదన్నా. ఒకసారి మీ కుర్చీలో ఎవరో కూర్చుని ఫొటో దిగాడు, ఆయనేనేమో," అన్నాడు ఎస్సై.

సెట్టు మొత్తం తిరిగి చూసింది. ఏడాదిన్నర తరువాత ఒకరితో ఒకరు మాట్లాడారు! ఆ సంగతి వాళ్ళకీ అప్పుడే తట్టి, ఇద్దరూ నోళ్ళు టక్కున మూసుకున్నారు. కానీ నోరు జారిన తరువాత ఇక దాచేదేముంది? "పేరు వేస్తేనే నేను నిలబడతాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఆ మాట ముందు నేనందామనుకున్నాను," అన్నాడు ఎస్సై. "అనుకోవడం వేరు, అనడం వేరు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. ఇంకో కప్పు తగాదా మొదలయ్యేలోపు సెట్టులో లైట్లన్నీ ఆరిపోయాయి.

"బల్బులు వేడెక్కాయి సార్," అన్నాడు చీకట్లోంచి భుజం. "చల్లారాలి. పేరు విషయం తేలేసరికి చల్లారతాయి."

"నా కెమెరాకీ కాస్త నలతగా ఉంది," అన్నాడు కెమెరా బాబాయ్, దాని మీద గుడ్డ కప్పుతూ.

దర్శకుడు చేసేది లేక నిర్మాతకు ఫోను చేశాడు. ఫోను ఎత్తింది నిర్మాత భార్య, అంటే ఆ బావమరిదికి సొంత అక్క. అందరూ భయపడింది ఆవిడకే. ఆవిడ విన్నది. తరువాత ఆవిడ గొంతు ఫోనుకు బయట కూడా వినిపించింది. "ఏమిటీ, వాడి పేరు వేస్తున్నారా? మూడేళ్ళుగా ఉద్యోగం చేస్తున్నానని చెప్పి రోజూ పదింటిదాకా పడుకుంటున్నది ఇది చూసుకునా? తీసెయ్యండి బాబూ! వాణ్ణి నేను లేపుతాను."

మూడేళ్ళు కోటగోడ అనుకున్నది ఇంతా చేస్తే అట్టముక్క. ఇందులో నవ్వొచ్చే సంగతి ఎంతుందో, ఒళ్ళు మండే సంగతీ అంతే ఉంది. ఆవిడను అడిగినవాళ్ళే లేరు. అడగడానికి మేనేజరుకు అవసరం రాలేదు, అక్కకు ధైర్యం రాలేదు. ఈ రెండింటి మధ్య పడి ఎంతమంది పేర్లు ఎన్ని చోట్ల నలిగిపోతున్నాయో లెక్కేసేవారెవరు?

బల్బులు చల్లారి మళ్ళీ వెలిగాయి. అక్క యూనిఫాం వేసుకుని ఇద్దరి మధ్య నిలబడింది. ఒక్కటే టేకు. "నువ్వు లేకపోతే నేను సగమేనయ్యా" అని ఇన్‌స్పెక్టరు అన్నప్పుడు, కానిస్టేబులు కనుబొమ్మ కొంచెం పైకి లేచింది. ఆయన వెంటనే ఏడుపు తగ్గించాడు. అది కెమెరాలో కూడా పడింది.

గురువారం ఏడింటికి ఇంటిల్లిపాదీ టీవీ ముందు కూర్చున్నారు. లిఫ్టులు బాగుచేసే ఉద్యోగంలో ఉన్న భర్త, టైటిల్స్ రికార్డు చెయ్యడానికి ఫోను చేత్తో పట్టుకుని అరగంట ముందునుంచే కదలకుండా ఉన్నాడు. చివరి సన్నివేశం వచ్చింది.

"ఆ మధ్యలో పిల్ల ఎవరే? అచ్చం నీలా ఉంది," అంది అత్తగారు.

"నేనే అత్తయ్యా."

ఆవిడ తెరనీ కోడలినీ రెండుసార్లు పోల్చి చూసింది. "కాదులే. ఆ పిల్ల చురుగ్గా ఉంది."

"చూడు, పేర్లొస్తున్నాయి," అన్నాడు భర్త.

పేర్లు వచ్చాయి. దర్శకుడి పేరు వచ్చేదాకా బాగానే ఉంది. ఆ తరువాత ఛానెల్‌వాళ్ళు తెరను నొక్కి ఒక మూలకు తోశారు. మిగిలిన తెరంతా వచ్చే వారం నుంచి రాబోతున్న వంటల పోటీ ప్రకటన పరుచుకుంది. పెద్ద మూకుడు, దాని పక్కన పెద్ద నవ్వు. కింద కుడి మూలన, అగ్గిపెట్టెంత జాగాలో, డెబ్బై మంది మనుషుల పేర్లు నాలుగు సెకన్లలో పైకి జారిపోయాయి.

అత్తగారు ముక్కు తెరకు ఆనించింది. "ఏదో నల్లగా పాకింది," అంది. ఆవిడ గొంతులో ఈసారి ఎగతాళి లేదు. "ఒరేయ్, మళ్ళీ వెయ్యరా."

భర్త ఫోనులో ఆపి, పెద్దది చేసి చూపించాడు. పెద్దది చేసేకొద్దీ అక్షరాలు మసకై, ముద్దై, ఇటుకరాళ్ళయ్యాయి. అక్క దాన్ని అలాగే సంఘం ఆఫీసుకు తీసుకెళ్ళింది. కార్యదర్శి కళ్ళజోడు మార్చాడు, భూతద్దం తెప్పించాడు, కిటికీ దగ్గరికి పట్టుకెళ్ళాడు.

"ఇది నీ పేరే అయ్యుంటుందమ్మా. కానీ చీమలబారు అన్నా నేను కాదనలేను. చదవలేనిది రిజిస్టర్లో ఎలా ఎక్కించను?"

"మరి నేనేం చెయ్యాలి సార్?"

"వచ్చే నెల మధ్యాహ్నాల్లో ఇదే ఎపిసోడు మళ్ళీ వేస్తారు. అప్పుడు పేర్లు నిండు తెర మీద వెయ్యమని అడుగు. చదవగలిగితే చాలు, కార్డు నీది."

భర్త ఆ పూటే ఛానెల్‌కు ఉత్తరం రాశాడు. జన్మలో రాసినవన్నీ లిఫ్టు రిపోర్టులే కాబట్టి, పేర్లు కింది అంతస్తు నుంచి పై అంతస్తుకు మరీ వేగంగా వెళ్తున్నాయనీ, మధ్యలో ఎక్కడా ఆగడం లేదనీ, లోపల మనుషులున్నారనీ రాశాడు. వారం చూసి అక్క ఛానెల్‌కు ఫోను చేసింది. ప్రేక్షకుల విభాగంలో ఎవరో అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది.

"చూశామండీ. పేర్లు కనిపించలేదని ఇప్పటిదాకా ఒకే ఒక్క ఫిర్యాదు వచ్చింది. అదీ మీ వారు రాసిందే. మిగతా ప్రేక్షకులకు ఇబ్బంది లేదు కదా మేడం. నలుగురూ అడిగితే మావాళ్ళు ఆలోచిస్తారు."

ఇబ్బంది లేదట. డెబ్బై మంది కష్టాన్ని మూకుడు కింద తొక్కేస్తే లక్షల ఇళ్ళలో ఒక్కరికీ ఇబ్బంది లేదట. ఆ అమ్మాయి అబద్ధమేమీ చెప్పలేదు. ఇన్‌స్పెక్టరు గెలవగానే రిమోటు కోసం చేయి చాపేది మనమే.

రెండో ఉత్తరం అత్తగారు రాస్తోంది. ఆవిడ చెబుతుంటే కొడుకు రాస్తున్నాడు. మొదటి వాక్యం దగ్గరే తిట్లు ఎక్కువయ్యాయని అక్క కొట్టేయిస్తోంది, ఆవిడ మళ్ళీ పెట్టిస్తోంది. పునఃప్రసారానికి ఇంకా మూడు వారాలున్నాయి.

మూడోది మీరు రాయండి. మీరు చూసే సీరియల్ ఏదైనా, మీ ఛానెల్ ఏదైనా సరే, ఒక పోస్టుకార్డు ముక్క చాలు: పేర్లు నిండు తెర మీద, చదివేంత నిదానంగా వెయ్యమని రాయండి. రాసేదాకా, కనీసం ఈ వారం, సీరియల్ అయిపోగానే రిమోటు తీయకండి. కాసేపు అలాగే కూర్చుని, ఆ పాకే పేర్లలో ఒక్కటైనా పైకి చదవండి. చదవడం కుదరలేదంటే, ఆ సంగతే ఉత్తరంలో రాయండి.